గొట్టంలో మంట



పొగగొట్టం అంటుకుంటే ముందు పసిగట్టేది కన్ను కాదు, చెవి. మంట లోపలెక్కడో ఉంటుంది. పొగ రోజూ వచ్చేదే కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉన్నట్టుండి గొట్టం లోపలి గాలి బలంగా పైకి లాగడం మొదలుపెడుతుంది. హోరుమంటుంది. అతుకుల దగ్గర రేకు దడదడలాడుతుంది. బయటి రంగు బుడగలు లేస్తుంది. కప్పు మీద గొట్టం మూతి దగ్గర మంట కనిపించేది ఆ తర్వాత. అప్పటికి కింద ఉన్నవాళ్లు చేయగలిగిన పనులకు సగం సమయం దాటిపోయి ఉంటుంది.

చిమ్నీ మంట అనగానే మంచు కురిసే దేశాలు గుర్తొస్తాయి. అక్కడ ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటుంది, దాని మీద ఇటుక గొట్టం. సరిగా మండని కట్టె వదిలే పొగ గొట్టం గోడలకు తగిలి చల్లబడి నల్లటి జిగురుగా పేరుకుంటుంది. క్రియోసోట్ అంటారు దాన్ని. ఏదో ఒకనాడు అది రాజుకుంటుంది. మన ఉక్కపోత దేశంలో అలాంటి పొయ్యిలెక్కడివి, ఈ గొడవ మనకెందుకు అనిపిస్తుంది. సూరత్‌లో పనిచేసిన వాళ్లకు అలా అనిపించదు. అక్కడ రంగుల మిల్లుల కప్పుల మీద, హోటళ్ల వెనక సందుల్లో, అపార్ట్‌మెంట్ల వంటింటి గోడల్లో గొట్టాలే గొట్టాలు. కట్టె పొగ బదులు నూనె ఆవిరి, కాస్త దూది నూగు. జరిగేది మాత్రం అదే.

మాది సిరిసిల్ల వైపు. మా పద్మశాలీల్లో కొందరు షోలాపూర్ పోయారు, కొందరు భీవండి పోయారు, ఇంకొందరం సూరత్ చేరాం. లింబాయత్ వీధుల్లో ఈనాటికీ తెలంగాణ మాట వినబడుతుంది. బతుకమ్మ వస్తే పూల కోసం వెతుకులాట మొదలవుతుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుందంటే అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. చాలామంది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద నేశారు. నేను మాత్రం పాండేసరా పారిశ్రామికవాడలో ఒక ప్రాసెస్ హౌస్‌లో పనికి కుదిరాను. నేసిన గుడ్డకు రంగు వేసి, అచ్చు వేసి, సాపు చేసి మార్కెట్టుకు పంపే మిల్లు అది.

అక్కడి స్టెంటర్ అనే మిషన్‌ను చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. హాలు పొడవునా ఒకదాని పక్కన ఒకటిగా ఇనుప గదులు ఉంటాయి. గుడ్డ రెండంచులనూ క్లిప్పుల గొలుసు పట్టుకుని, వెడల్పుగా సాగదీసి, ఆ గదుల గుండా లాక్కుపోతుంది. లోపల వేడిగాలి వీస్తుంటుంది. పాలిస్టర్ ముడతలు పోయి, కొలత నిలవాలంటే ఆ వేడి 180 నుంచి 200 డిగ్రీల దాకా ఉండాలి. నూలు తీసేటప్పుడు, చుట్టేటప్పుడు దారానికి నూనెలు పూస్తారు. ఎంత ఉతికినా ఆ నూనె కొంత గుడ్డలోనే మిగులుతుంది. ఈ వేడికి అది ఆవిరవుతుంది. గుడ్డ నుంచి లేచే నూగు దానికి తోడవుతుంది. ఈ రెంటినీ పీల్చి కప్పు మీదికి నెట్టడానికి బ్లోయర్లు ఉంటాయి, రేకు గొట్టాలు ఉంటాయి. మిషన్ నుంచి దూరం జరిగేకొద్దీ గొట్టం చల్లబడుతుంది, ఆవిరి మళ్లీ నూనెగా మారుతుంది. నూగును అంటించుకుని, ముదిరిన బెల్లం పాకంలా గోడలకు పట్టేస్తుంది. వంపు తిరిగే చోట మరీ ఎక్కువ. గుడ్డ ఎక్కడో చిక్కుకుని ఆగి మాడినా, ఒక నిప్పురవ్వ బ్లోయర్ గాలితో పైకి పోయినా, ఆ పూత అంటుకుంటుంది. ఇక ఆపైన గొట్టమే పొయ్యి. గాలి ఊదే పని మన బ్లోయరే చేసిపెడుతుంది.

దీనికి మందు ఏమిటో మిల్లులో అందరికీ తెలుసు. గొట్టాన్ని గీకి తుడవాలి. అందుకు మిషన్ ఆపాలి, చల్లారనివ్వాలి, తలుపులు విప్పి మనిషి లోపలికి చెయ్యో తలో పెట్టి ఇనుప బిళ్లతో గీకాలి. దీపావళి ముందు, పెళ్లిళ్ల సీజన్లో మిషన్ ఆపమంటే ఒప్పుకునే శేఠ్ అరుదు. నెల గడుస్తుంది, ఇంకో నెల గడుస్తుంది. మీటర్లు లెక్కపెట్టుకునే చోట గొట్టం లోపల ఏం పేరుకుంటోందో ఎవరు లెక్కపెడతారు?

నేను సివిల్ డిఫెన్స్‌లో చేరింది ఆ రోజుల్లోనే. 1962 చైనా యుద్ధం తర్వాత ఊళ్లను కాపాడుకోవడానికి ఈ ఏర్పాటు పట్టాలెక్కింది. 1968లో దానికి ఒక చట్టం వచ్చింది. వార్డెన్లు, రక్షణ దళం, ప్రథమ చికిత్స, మంటలార్పే దళం, అన్నీ మామూలు పౌరులతోనే. జీతం లేదు. శిక్షణకు వచ్చేవాళ్లలో చీరల దుకాణంలో గుమాస్తాలు, బడి పంతుళ్లు, వజ్రాలు సానపట్టేవాళ్లు, మాలాంటి మిల్లు మనుషులు ఉండేవాళ్లు. సెలవు రోజు పొద్దున్నే మైదానంలో నిలబెట్టి స్టిరప్ పంపు ఇచ్చేవాళ్లు. బకెట్‌లో ముంచి, కాలితో తొక్కిపట్టి, చేత్తో కొట్టే పంపు అది. ఒకడు కొడతాడు, ఒకడు నాజిల్ పట్టుకుని మంట దగ్గరికి పాకుతాడు, మూడోవాడు నీళ్లు మోస్తూనే ఉంటాడు. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ ఇళ్ల మీద పడిన నిప్పుబాంబులను ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఈ పంపుతోనే ఆర్పారు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. కానీ ముగ్గురు మనుషులు ఒకరి పని ఒకరు లాక్కోకుండా ఉండడం నేర్పడానికి దానంత మంచి పనిముట్టు నేను చూడలేదు.

అక్కడే తెలిసిన ఇంకో సంగతి. గోడకు వేలాడే ఎర్ర బకెట్లకు అడుగు గుండ్రంగా ఎందుకుంటుందో గమనించారా? నేల మీద నిలబడదు కాబట్టి దాన్ని ఎవరూ స్నానానికో ఇల్లు కడగడానికో పట్టుకుపోరు. మనిషి బుద్ధి తెలిసినవాడెవడో చేసి ఉంటాడు.

గొట్టం మంటల గురించి మా శిక్షకుడు ఒక పూటంతా చెప్పారు. అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైన గుజరాతీ పెద్దాయన. నీళ్లు పోయడం మొదటి పని కాదని ఆయన పదే పదే అనేవారు. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల ఆవిరి అవుతుంది. మూసిన గొట్టంలో కాగుతున్న నూనె మీద బకెట్ నీళ్లు కుమ్మరిస్తే ఆ ఆవిరి మండే నూనెను మోసుకుంటూ మన మొహం మీదికే వస్తుంది. ముందు బర్నర్ ఆపాలి. మనుషుల్ని బయటికి పంపాలి. బ్లోయర్ ఆపాలి. గొట్టంలో గాలిని ఆపే పలక, అంటే డాంపర్, మూయాలి. ఆ తర్వాత గొట్టం ఎక్కడెక్కడ గోడలోంచి, కప్పులోంచి దూరి పోతోందో అక్కడికి పోయి, దాని పక్కన కాలే సరుకు లేకుండా చేయాలి. తనిఖీ తలుపు మాత్రం విప్పకూడదు. లోపల ఎలా ఉందో చూడాలని అందరికీ ఉంటుంది. విప్పినవాడు మంటకు కావలసిన గాలిని చేత్తో అందించినట్టే.

ఈ చదువు పరీక్షకొచ్చింది మా మిల్లులో కాదు, అదే రోడ్డు మీది ఇంకో మిల్లులో. రాత్రి షిఫ్టు. మా గేటు దగ్గర టీ తాగుతుంటే ఆ హోరు వినిపించింది. సివిల్ డిఫెన్స్‌లో చేరినవాళ్లం మేం ముగ్గురం, నేను, మా బావమరిది, ఒక ఒడియా ఆపరేటరు. ముగ్గురం పరుగెత్తాం. లోపల హాలులో సగం మంది మిషన్ చుట్టూ నిలబడి పైకి చూస్తున్నారు. మిగతావాళ్లు గుడ్డ తాన్లు బయటికి మోస్తున్నారు. ఒకాయన నీళ్ల పైపు లాక్కొస్తున్నాడు. బర్నర్లు ఆపేశారు కానీ బ్లోయర్లు తిరుగుతూనే ఉన్నాయి.

మా బావమరిది అక్కడి ఫిట్టర్ని పట్టుకున్నాడు. అతనూ మనవాడే, జగిత్యాల మనిషి.

"అన్నా, బ్లోయర్లు ఎందుకు బందు జెయ్యలె?"

"బందు జేస్తే పొగంత హాల్ల నిండుతది గదనే! మనుషులు ఊపిరాడక సస్తరు."

"మనుషులను బయటికి తోలుదాం. పొగ నిండుతే నిండనియ్. గొట్టంకు గాలి ఇయ్యకు."

ఆ ఫిట్టర్ మాట తీసిపారేయదగ్గది కాదు. పొగే మనిషిని చంపుతుంది, మంట కన్నా ముందు. అందుకే వరుస ముఖ్యం. ఒడియా ఆపరేటరు ఈలవేసి హిందీలో, ఒడియాలో కేకలు పెట్టి హాలంతా ఖాళీ చేయించాడు. తాన్లు వదిలి రమ్మంటే రాని వాళ్లను చెయ్యి పట్టి లాగాడు. సరుకు పోతే కూలిలో కోస్తారన్న భయం వాళ్లది. అందరూ బయటపడ్డాక ఫిట్టర్ పోయి మెయిన్ స్విచ్ కొట్టాడు. హోరు కొంచెం తగ్గింది. కానీ డాంపర్ పిడి కదలదు. అదే జిగురు పట్టి బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టి కొట్టి ముప్పావు వంతు మూశారు.

మంట ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు. గొట్టం హాలు కప్పు కింద అడ్డంగా పోయి, గోడ దగ్గర తిరిగి, పై అంతస్తులోని గ్రే గుడ్డ, అంటే ఇంకా రంగు వేయని గుడ్డ, గోడౌన్ పక్కగా కప్పు మీదికి ఎక్కుతుంది. ఎక్కడని వెతకాలి? అప్పుడు జనం వెనకనుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఖాందేశ్ నుంచి వచ్చినవాడు, కాంట్రాక్టరు కింద గొట్టాలు గీకే పని. "పైన రెండో వంపు" అన్నాడు. ఎలా తెలుసురా అంటే, ఆ వంపుకు తలుపు లేదట. అక్కడికి చెయ్యి అందదట. గీకినప్పుడల్లా అక్కడిది అక్కడే వదిలేస్తున్నారట. గోడౌన్‌కు, దానికి మధ్య ఉన్నది పలచటి రేకు గోడ ఒక్కటే.

పై అంతస్తుకు పోయి చెయ్యి వెనకవైపు రేకు గోడకు దగ్గరగా పెడితే వాడు చెప్పిన చోటే కాగిపోతోంది. ఆ గోడకు ఆనించి గుడ్డ మూటలున్నాయి. మేం చేసిన అగ్నిమాపక సేవంతా ఆ మూటలు ఈడ్చడమే. మూటలు అవతలికి జరిపి, రేకు మీద బయటివైపు నుంచి నీళ్లు సన్నగా చల్లుతూ నిలబడ్డాం. ఫైర్ ఇంజన్ వచ్చింది. వాళ్ల దగ్గర సరైన పొడి ఉంది, ముసుగులున్నాయి, గొట్టాన్ని కోసే సాధనాలున్నాయి. వాళ్లు కూడా ఆ కుర్రాడినే పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టారు. ఆర్పాక కూడా తెల్లారేదాకా కాపలా కాశాం. ఈ జిగురు ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంటుంది.

ఆ రాత్రి మమ్మల్ని చాలామంది మెచ్చుకున్నారు. భుజాలు తట్టారు. ఆ కుర్రాడి ఊసు ఎవరూ ఎత్తలేదు. నాకైతే అప్పటినుంచి ఒక అభిప్రాయం పాతుకుపోయింది. గొట్టం మంటల విషయంలో అసలు అగ్నిమాపకుడు వాడే. వాడి చేతికి ఆ రెండో వంపు దగ్గర అడుగు వెడల్పు తలుపు ఉండి ఉంటే మాకు పనే లేదు. మన సమాజం మంటతో పోరాడినవాణ్ణి వీరుడంటుంది, మంట పుట్టకుండా చేసినవాడికి రోజుకూలి సరిగా ఇవ్వదు.

మంటను మొదట్లోనే ఆపాలన్న పాఠం సూరత్‌కు కొత్తది కాదు. 1837 ఏప్రిల్ 24 సాయంత్రం అయిదు గంటల వేళ మచ్ఛలీపీఠ్ పేటలో ఒక సంపన్న పార్సీ ఇంట్లో కాగుతున్న తారు పొంగి అంటుకుంది. పక్కింటివాళ్లు తమ బావి నీళ్లు ముట్టనివ్వలేదని పాత కథనాలు చెబుతాయి. ఇళ్లన్నీ కర్ర చట్రాలతో కట్టినవి. సందులు ఇరుకు. గాలి తోడైంది. రాత్రికి ఆ వెలుగు ఎన్నో మైళ్ల దూరానికి కనిపించింది. మంట పూర్తిగా చల్లారేసరికి 26వ తేదీ వచ్చింది. ఊళ్లో, శివార్లలో కలిపి 9,373 ఇళ్లు పోయాయి, అయిదు వందల మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది తాపీ నదికి పెద్ద వరద కూడా వచ్చింది. ఆ రెండు దెబ్బలతో ఎన్నో వ్యాపార కుటుంబాలు బొంబాయికి తరలిపోయాయి.

ఈ కథలో నన్ను వేధించేది ఆ నీళ్లు. మైలపడతాయనో మరెందుకో ఇవ్వలేదు. మొదటి అయిదు నిమిషాల్లో దొరకని బావి నీళ్లకు తర్వాత తాపీ నది మొత్తం సాటి రాలేదు. నిప్పు దగ్గర ఇరుగుపొరుగే ముందు. ప్రభుత్వం, ఇంజన్, నిచ్చెన అన్నీ తర్వాత వచ్చేవి.

మన పల్లెలకు ఇది బాగా తెలుసు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, వడగాలి కొడుతుండగా ఏ తాటాకు కప్పో అంటుకుంటే ఊరంతా వాలంటీర్లే. ఎవరికీ కబురు పెట్టనక్కర్లేదు. బిందెలు, తడి గోనెపట్టాలు, ఇసుక. ఒకరు కొట్టంలో పశువుల పలుపులు కోసి తోలేస్తారు. ఇంకొకరు నిచ్చెన వేసి, మండే ఇంటిని వదిలేసి దాని పక్కింటి కప్పు పీకేస్తారు. బాగున్న ఇంటిని పాడుచేస్తారేమిటని పట్నంవాడికి అనిపిస్తుంది. మంటకు మేత లేకుండా చేయడం అది. 1666లో లండన్ తగలబడ్డప్పుడు కూడా చివరికి చేసింది వరసగా ఇళ్లు పడగొట్టి ఖాళీ జాగా చేయడమే. మేం ఆ గోడౌన్లో మూటలు ఈడ్చిందీ అదే విద్య. ఊళ్లోంచి వచ్చినవాళ్లం కాబట్టి మాకు ఎవరూ అంతగా నేర్పాల్సిన పని పడలేదేమో.

పట్నంలో ఆ అలవాటు పోతుందనుకున్నాను. కానీ 2019 మే 24 సాయంత్రం సూరత్ సర్థానా ప్రాంతంలోని తక్షశిలా ఆర్కేడ్ మంటను తలుచుకుంటే అలా అనలేను. పై అంతస్తులో పిల్లల కోచింగ్ తరగతి. కిందికి దిగే దారి పొగతో నిండిపోయింది. పిల్లలు కిటికీల్లోంచి దూకారు. ఇరవై రెండు మంది విద్యార్థులు పోయారు. ఫైర్ ఇంజన్ నిచ్చెన పైదాకా అందలేదు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. వాటిలోనే ఒక యువకుడు చేతికి దొరికిన అంచులు పట్టుకుని గోడ వెంట పైకెక్కి, ఆడపిల్లల్ని ఒక్కొక్కరినీ కిందికి దించడం కూడా చూసింది. అతను అగ్నిమాపక దళంలో మనిషి కాదు. అలాంటివాళ్లున్నందుకు చేతులెత్తి మొక్కాలి. అలాంటి ధైర్యం అవసరమయ్యేలా భవనం కట్టనిచ్చినందుకు మాత్రం సిగ్గుపడాలి. గుజరాత్‌లో అగ్నిప్రమాద నివారణకు 2013 నుంచే చట్టం ఉంది మరి.

స్వచ్ఛందంగా మంటలార్పే సంఘాలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో ఊళ్లలో మంటలార్పే బాధ్యత జీతం లేని వాలంటీర్లదే. 1851లో వాల్పరైసో రేవులో మొదలైన సంప్రదాయం అది. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టాడు. సభ్యులు తోలు బకెట్లు, సామాను బయటికి చేర్చడానికి సంచులు సిద్ధంగా పెట్టుకోవాలని నియమం. ఇది చాలామందికి తెలిసిన సంగతే. అంతకు ముందు ఏడాది, 1735లో, తన పత్రికలో మారుపేరుతో ఆయన ప్రచురించిన ఉత్తరం గురించి తక్కువ మందికి తెలుసు. అందులో పొగగొట్టాలు ఊడ్చే వాళ్లకు మేయర్ లైసెన్సు ఇవ్వాలన్నాడు. ఊడ్చిన పదిహేను రోజుల్లోగా ఆ గొట్టం అంటుకుంటే జరిమానా ఊడ్చినవాడే కట్టాలన్నాడు. దళం కన్నా ముందు ఆయనకు తట్టింది చీపురు! నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే.

అయితే ఊడ్చేవాళ్ల కథ అంత గౌరవంగా ఏమీ నడవలేదు. ఇంగ్లండులో ఇరుకు గొట్టాల్లోకి చిన్నపిల్లల్ని ఎక్కించేవాళ్లు. మసి ఒంటికి పట్టి పెద్దయ్యాక వాళ్లకు వృషణాల తిత్తి క్యాన్సర్ వస్తోందని లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ 1775లో రాశాడు. ఒక వృత్తి వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యులు గుర్తించింది అదే మొదలు. చట్టాలు వచ్చాయి, ఎవరూ ఖాతరు చేయలేదు. 1875లో చిన్న కుర్రాడొకడు గొట్టంలో ఇరుక్కుని చనిపోయాక గట్టి చట్టం వచ్చి ఆ ఘోరం ఆగింది. గుర్తించిన నాటి నుంచి ఆపడానికి వందేళ్లు. మన మిల్లుల్లో గొట్టాలు గీకే కాంట్రాక్టు కూలీకి ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు, దీపం, గొట్టానికి సరైన తలుపులు ఉన్నాయా అని ఎవరైనా అడగాలి. కార్మిక సంఘాలు కూలి రేట్ల గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా మాట్లాడితే బాగుంటుంది.

ఇంతసేపూ మిల్లుల సంగతే చెప్పాను. ఇక తిండి దగ్గరికి. భోజనం సూరత్‌లో, మరణం కాశీలో అని గుజరాతీలు అంటారు. ఆ ఊరి తిండి అంతటి పేరున్నది. సాయంత్రమైతే ప్రతి సందులోనూ నూనె కాగుతుంది. ఆ నూనె ఆవిరంతా ఎక్కడికి పోతుంది? హోటల్ పొయ్యి మీది రేకు గుమ్మటంలోంచి గొట్టం పట్టుకుని, భవనం వెనకగా, పై అంతస్తుల కిటికీల పక్కనుంచి పోతుంది. కింద బాణలిలో లేచిన మంట ఆ గొట్టం పట్టుకుని రెండో అంతస్తులో నిద్రపోతున్న వాళ్ల దగ్గరికి చేరగలదు. సూరత్ అనే కాదు, హైదరాబాద్ బిర్యానీ హోటళ్లకూ, విజయవాడ మిర్చిబజ్జీ బళ్ల వెనకున్న దుకాణాలకూ ఇదే వర్తిస్తుంది. హోటల్ పైన ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు నీళ్లు వస్తాయా, కరెంటు మీటరు వేరా అని అడుగుతారు. గొట్టం ఎటునుంచి పోతోందో కూడా ఒకసారి చూసుకోండి.

ఇంట్లో కరెంటు చిమ్నీ ఉన్న అక్కలు, అమ్మలు, వంట చేసే అన్నలు కూడా వినండి. దాని జాలీని వేడినీళ్లలో సోడా వేసి కడుగుతారు, మంచిదే. వెనకున్న మెలికల గొట్టాన్ని పెట్టిన నాటి నుంచి విప్పి చూసినవాళ్లు ఎంతమంది? మనం తాలింపుల మనుషులం, వేపుళ్ల మనుషులం. మన వంటింటి ఆవిరిలో నూనె ఎక్కువ. బాణలిలో నూనె అంటుకుంటే గ్యాస్ కట్టేయండి, చిమ్నీ ఫ్యాన్ కట్టేయండి, పెద్ద మూత పక్కనుంచి జరిపి కప్పేయండి, పూర్తిగా చల్లారేదాకా ఎత్తి చూడొద్దు. నీళ్లు పోయొద్దు. బాణలిని పట్టుకుని బయటికి పరుగెత్తొద్దు. చీర కొంగులు అంటుకునేది అలాగే. చిమ్నీ గొట్టంలోకి మంట పోయిందనిపిస్తే సొంత ప్రయోగాలు మాని అందరినీ తీసుకుని బయటికి వచ్చి ఫోన్ చేయండి. మీ పై ఇంటివాళ్ల తలుపు తట్టండి.

ఏటా ఏప్రిల్ 14న దేశమంతా అగ్నిమాపక సేవా దినం జరుపుతారు. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయింది. పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ ఒకే ఓడలో ఎక్కించారు. మంటలార్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు వదిలారు. ఆ వారమంతా ఊరూరా ప్రదర్శనలు ఉంటాయి. పిల్లలకు ఎర్ర ఇంజన్ చూపించడం మంచిదే. ఈసారి వెళ్లినప్పుడు అక్కడున్న ఫైర్‌మన్‌ను, మా వీధిలో, మా మిల్లులో మొదటి అయిదు నిమిషాలు మేమేం చేయాలో చూపించండి అని అడగండి. చెప్పడానికి వాళ్లెంత ఉత్సాహపడతారో చూస్తారు.

2025 మే 7న దేశమంతటా జరిగిన ఆపరేషన్ అభ్యాస్ మాక్ డ్రిల్ మీకు గుర్తుండే ఉంటుంది. సూరత్‌లో జరిగింది, హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో కూడా జరిగింది. సైరన్ విని చాలామంది అప్పుడే సివిల్ డిఫెన్స్ అనే మాట మొదటిసారి విన్నారు. యుద్ధం కోసమే కానక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన యువతీ యువకులు మీ జిల్లాలో సివిల్ డిఫెన్స్ గానీ హోంగార్డ్స్ గానీ ఎక్కడున్నాయో కనుక్కుని పేరు ఇవ్వండి. శిక్షణలో కొన్ని సెలవు రోజులు పోతాయి, అంతే.

మిల్లుల్లో, హోటళ్లలో పనిచేస్తున్న అన్నదమ్ములకు ఒక్క మాట. రేపు డ్యూటీకి వెళ్లగానే మీ మిషన్ గొట్టం చివరిసారి ఎప్పుడు గీకారో అడగండి. డాంపర్ పిడి చేత్తో కదిపి చూడండి. తలుపు లేని వంపు ఎక్కడుందో గొట్టాలు గీకే అతన్ని పిలిచి కనుక్కోండి, అతను చెప్పింది రాసి సూపర్వైజర్‌కు ఇవ్వండి. మంట కనిపిస్తే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, గొట్టంలో మంట అని స్పష్టంగా చెప్పండి. దానికి తగిన సరంజామాతో వస్తారు.